కుంటని గుర్రం

"లాగెయ్ ఇటాయ్! అలా చూస్తూ కూర్చుంటావేం, లాగెయ్!"

మయూమీ గుర్రం మెడను కావలించుకుని ఏడుస్తోంది. ఆమె ఇటాయ్ అని పిలిచే తండ్రి ఎపిఫానియో గుర్రం ముందరి ఎడమకాలిని తన మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, చేతిలో పట్టకారుతో గిట్ట అడుగుకేసి చూస్తూ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

కూతురి ఏడుపు విని తల్లి దివీనా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మాంసానికి పసుపు పట్టిస్తున్న చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. మధ్యాహ్నానికి మగపెళ్ళివారు పిల్లనడగడానికి వస్తున్నారు. ఇంట్లో చీపురు కూడా పట్టలేదింకా.

"ఏమయిందే? ఎవరు పోయారని ఆ ఏడుపు?"

"మేకు ఇనాయ్! మూడు రోజుల్నుంచీ వాన, బురద, నేను సరిగ్గా గిట్టలు చూడలేదు. ఇవాళ శుభ్రం చేద్దామని కాలెత్తితే కంపు కొట్టింది. ఎన్నాళ్ళ నుంచి ఉందో పాపం, నా తండ్రి!"

దివీనా వంగి చూసింది. గిట్ట నడుమ మెత్తటి చోట, రేకుల కప్పులకు కొట్టే మేకు తల ఒకటి తుప్పు పట్టి కనిపిస్తోంది. చుట్టూ చీము. ముక్కు మూసుకుందామంటే చేతుల నిండా పసుపు.

ఎపిఫానియో పట్టకారు బిగించి ఒక్క గుంజు గుంజాడు. మేకు ఊడివచ్చింది. వేలెడు పొడుగుంది. దాని వెనకే నల్లటి రక్తం కారింది.

హాబగత్ చెవి కూడా కదపలేదు. నోట్లో ఉన్న గడ్డి నములుతూనే ఉంది. నైరుతి గాలి పేరు పెట్టుకున్న గుర్రం, మనీలా పందెపు మైదానంలో ఒకప్పుడు వేలమందిని కుర్చీల మీంచి లేపిన గుర్రం, ఇప్పుడు తన కాలు ఎవరిదో అన్నట్టు నిలబడింది.

"చూశావా ఇనాయ్, ఎంత ఓర్పో!" మయూమీ కళ్ళు తుడుచుకుంది. "నిన్న పొద్దున సరస్సు దాకా దిగి మళ్ళీ కొండెక్కి వచ్చాం. ఇంత మేకు కాల్లో పెట్టుకుని ఒక్కసారైనా కుంటలేదు. నన్నెక్కడ పడేస్తానోనని బాధంతా దిగమింగుకుంది. మనిషైతే చేస్తాడా?"

"చెయ్యడు," అంది దివీనా. ఆమె మొగుడి ముఖం చూస్తోంది.

ముప్పై ఏళ్ళు పందెపు గుర్రాల లాయంలో పనిచేసిన మనిషి. గుర్రానికి జలుబు చేస్తే రాత్రంతా పక్కనే పడుకునే మనిషి. అలాంటివాడు చీము చూడగానే అయ్యో అనాలి, పరుగులు పెట్టాలి. ఎపిఫానియో మాత్రం ఆ మేకును రెండు వేళ్ళ మధ్య తిప్పుతూ, పట్టుబడ్డ దొంగలా పాలిపోయి ఉన్నాడు. దివీనాకు అన్నంలో రాయి తగిలినట్టయింది.

"డాక్టరుకి ఫోన్ చేస్తాను," అని మయూమీ జేబులోంచి ఫోన్ తీసింది.

"వద్దు."

"వద్దేంటి ఇటాయ్? ఇంత గాయమైతే!"

"వద్దన్నానా! సూదిమందు నా దగ్గరుంది, నేనే పొడుస్తాను. వేడినీళ్ళలో ఉప్పేసి కడిగి కట్టు కడితే వారంలో మానిపోతుంది. ఇంతకంటే పెద్దవి మాన్పించాను నేను."

"ఒకసారి చూసి వెళ్తాడు, అంతేగా?"

"మధ్యాహ్నం ఇంటికి పెద్దమనుషులొస్తుంటే పెరట్లో డాక్టర్ని కూర్చోబెట్టుకుంటామా? వాడొచ్చి ఊరుకుంటాడా? ఆ కాలు నొక్కుతాడు, ఈ కాలు నొక్కుతాడు, లేని రోగాలన్నీ చెబుతాడు. ఫోన్ లోపల పెట్టు."

మయూమీ ఫోన్ లోపల పెట్టింది. తండ్రి తనమీద అలా అరవడం ఆమెకు కొత్త. పెదవి కొరుక్కుంటూ లోపలికి నడిచింది. ఎడమకాలు నేలకు ఆనీ ఆననట్టు, భుజం ఒక పక్కకు వంగుతూ నడిచింది.

పదహారో ఏట మోటారుసైకిలు ప్రమాదంలో ఆ కాలు మూడుచోట్ల విరిగింది. అతుక్కుంది గానీ పొట్టిదైపోయింది. ఆ తర్వాత పిల్ల చర్చికి కూడా రానంది. వెనకగదిలో కిటికీ మూసుకుని, బట్టల మీద పూలు కుట్టుకుంటూ ఏళ్ళు గడిపేసింది. కిందటేడు డాన్ సెవెరినో తన లాయం ఎత్తేస్తూ హాబగత్‌ను పాత నౌకరు ఎపిఫానియోకు ఇచ్చాడు. అది పెరట్లోకి వచ్చిన నెలకే మయూమీ వెనకగదిలోంచి బయటికొచ్చింది.

కాలు రికాబు మీద ఆనదు కాబట్టి రోజూ పొద్దున తండ్రే ఆమె ఎడమ మోకాలి కింద రెండు చేతులూ పట్టి పైకెత్తి జీను మీద కూర్చోబెడతాడు. ఒకసారి పైకెక్కిందా, ఇక ఆమె కుంటిదని ఎవరూ అనలేరు. ఊరంతా తలెత్తి చూడాల్సిందే. అలా తలెత్తి చూసినవాళ్ళలో డాన్ సెవెరినో కొడుకు లియాండ్రో ఒకడు. వాడికి ఆ తల ఇంకా కిందికి దిగలేదు.

*

కుర్చీలు తేవడానికి ఎపిఫానియో చర్చికి వెళ్ళాడు. మయూమీ స్నానానికి వెళ్ళింది. వేడినీళ్ళ పని దివీనా నెత్తిన పడింది.

"నా ఖర్మ! ఇవాళే రావాలా నీకు ఈ మేకు? రేపు గుచ్చుకోకూడదూ?" అని గుర్రాన్ని తిడుతూనే పొయ్యి మీంచి గిన్నె దించి పెరట్లోకి మోసుకొచ్చింది. చన్నీళ్ళు కలపాలన్న సంగతి మరిచిపోయింది. ఒక చెవి లోపల మాడుతున్న కూర మీద ఉంది మరి. గరిటెతో నీళ్ళు ముంచి, ఎడమకాలు వెనక, మడమ మీద ధారగా పోసింది. పొగలు లేచాయి.

హాబగత్ గడ్డి నములుతోంది.

ఇంకో గరిటె పోసింది. ఇంకోటి. పొగల మధ్య కాలు కనిపించడం లేదు. చీము మెత్తబడిందేమో చూద్దామని దివీనా వేలు పెట్టింది.

"అమ్మో! చచ్చాన్రా దేవుడా!"

వేలు నోట్లో పెట్టుకుని గెంతింది. చేతిలో గరిటె కిందపడింది. అందులోని నీళ్ళు చిందితే నాలుగు చుక్కలు గుర్రం కుడికాలి మీద పడ్డాయి. అంతే! హాబగత్ సకిలించి, కుడికాలు ఎత్తి పడేసి, వెనక్కి గుంజుకుంది. గిన్నె బోర్లాపడింది.

దివీనా నోట్లోంచి వేలు తియ్యడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది.

నాలుగు చుక్కలకు ఈ కాలు గిలగిలలాడింది. మూడు గరిటెల మరిగే నీళ్ళకు ఆ కాలు ఊ అనలేదు.

ఆమె మెల్లిగా దగ్గరికి వెళ్ళింది. జడలోంచి పిన్ను తీసింది. "ఉండమ్మా, ఉండు నాయనా," అంటూ ఎడమకాలి మడమ మీద గుచ్చింది. కదల్లేదు. గట్టిగా గుచ్చింది. కదల్లేదు. చెయ్యి పైకి పోనిచ్చి గిట్ట పైన కీలు వెనక తడిమింది. పక్కన సన్నటి గీత తగిలింది. వెంట్రుకలు తప్పించి చూస్తే, ఎర్రటి ఒంటి మీద తెల్లగా నాలుగు వెంట్రుకలు. రెండో పక్కా అదే గీత.

పెళ్ళయిన కొత్తలో ఆమె లాయం పక్క ఇళ్ళలో కాపురం చేసింది. అక్కడి ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర గొంతు తగ్గించి చెప్పుకునే మాటలు ఆమెకు తెలుసు. కాలు నొప్పితో కుంటే పందెపు గుర్రానికి గిట్ట వెనక నరం కోసేస్తారు. రోగం పోదు, నొప్పి తెలియడం పోతుంది. లోపల ఎముక పగులుతున్నా గుర్రానికి తెలియదు. మామూలుగానే అడుగేస్తుంది, మామూలుగానే పరుగెత్తుతుంది. ఏదో ఒకరోజు ఆ కాలు కింద పుల్లలా విరుగుతుంది. "నరం కోసిన గుర్రం ఇంటికి చేరకపోతే గుర్రానికేం, ఎక్కినవాడి పెళ్ళానికి చెప్పండి," అనేవారు.

దివీనా పిన్ను పక్కన పడేసింది. బోర్లాపడ్డ గిన్నె మీదే కూర్చుంది. సరస్సు దారి కళ్ళముందు కదిలింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో రాళ్ళ దిగుడు. నిన్న పొద్దున తన కూతురు ఆ దారిలో దిగి, ఎక్కి వచ్చింది.

*

ఎపిఫానియో కుర్చీలు దించుతున్నాడు. దివీనా గుమ్మంలో నిలబడింది.

"ఆ ఎడమకాలి నరం ఎప్పుడు కోశారు?"

కుర్చీ ఒకటి అతని చేతిలోనే ఆగిపోయింది. తర్వాత దాన్ని గోడకు చేర్చి, ఇంకోటి తీశాడు.

"నిన్నే అడుగుతున్నా."

"ఎవరు చెప్పారు నీకు?"

"వేడినీళ్ళు చెప్పాయి."

అతను మూడో కుర్చీ వేశాడు. నాలుగోది వేశాడు. వరస సరిగ్గా లేదని మొదటిదాన్ని జరిపాడు.

"ఆ కుర్చీలు తగలెయ్య! మాట్లాడవేమయ్యా!"

"మెల్లిగా. పిల్ల వింటుంది."

"వింటే విననీ!" అంది గానీ ఆమె గొంతు దానంతటదే తగ్గింది.

"ఆఖరి పందేలకు ముందు కోశారు. రెండేళ్ళవుతుంది. అన్ని గుర్రాలకీ చేసేదే."

"అన్ని గుర్రాల మీదా నా కూతురు ఎక్కడం లేదు. నీకెలా తెలుసు?"

"దాని మూతి పట్టుకుని నిలబడింది నేనే."

దివీనాకు అతన్ని కొట్టాలనిపించింది. కొట్టడానికి చెయ్యి లేవలేదు, కాలిన వేలు మండుతోంది.

"ఓరి దేవుడా! తెలిసి ఎక్కించావా? ఏడాది నుంచీ తెలిసే ఎక్కిస్తున్నావా? నువ్వు మనిషివేనా?"

ఎపిఫానియో కుర్చీలో కూలబడి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మరి ఆ పెద్దమనిషి? ఆయనకూ తెలుసుగా? తెలిసే మన ముఖాన కొట్టాడా ఆ గుర్రాన్ని? నీ చేత జీవితమంతా పేడ ఎత్తించి, చివరికి ఇదా ఇచ్చింది? పందేలకు పనికిరాని గుర్రం నౌకరు ఇంటికి చాలులే, నౌకరు కూతురు ఏమైతే నాకేం అనుకున్నాడా? చెప్పు!"

అతను చెప్పలేదు. టోపీ అంచు చుట్టూ వేలితో తడుముతున్నాడు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. దివీనా పూర్తి అంగీకారమనే అనుకుంది.

"ఇవాళ్టికి ఊరుకో దివీనా," అన్నాడు చివరికి. "ఇవాళ శుభకార్యం. నీ కాళ్ళు పట్టుకుంటా. ఏదో సాకు చెప్పి నేనే మానిపిస్తాను. మేకు గాయం ఉందిగా, ఆదివారం పండగకి ఎలాగూ ఎక్కదు."

"ఆదివారానికి మానిపోతుందిలే ఇటాయ్!"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. తడిజుట్టుతో మయూమీ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంత విందో తెలియదు.

"ఇప్పుడే చూసొచ్చాను. చక్కగా నడుస్తోంది. ఏంటి మీ ఇద్దరూ పోట్లాడుకుంటున్నారా? ఇవాళ కూడానా?"

"పోట్లాట ఏముందే," అంది దివీనా. "కుర్చీలు వంకరగా వేశాడు మీ నాన్న."

మయూమీ నవ్వి, తల్లి చేతికి దువ్వెన ఇచ్చి ముందు కూర్చుంది. దివీనా జుట్టు దువ్వసాగింది. ఇప్పుడు చెప్పేస్తాను అనుకుంది. ఈ చిక్కు తీశాక చెప్తాను అనుకుంది. ఆ చిక్కు విడింది, ఇంకో చిక్కు తగిలింది.

"ఇనాయ్, నీకో సంగతి చెప్పనా? నవ్వకూడదు."

"చెప్పు."

"లియాండ్రో నన్ను మొదట చూసింది గుర్రం మీదే కదా. ఒక నెల దాకా అతని ముందు నేను కిందికి దిగలేదు. దిగితే నడవాలిగా. ఒకరోజు వాన పట్టుకుంది, దిగక తప్పలేదు. ఇక వెళ్ళిపోతాడు అనుకున్నా. వెళ్ళలేదు. నా నడకను చూసి, నేను జారతానేమోనని పక్కన నడిచాడు, అంతే. హాబగత్ లేకపోతే అంత ధైర్యం నాకు వచ్చేదా? దాని మీద కూర్చున్నాక నాకు నా కాలే గుర్తురాదు ఇనాయ్."

దువ్వెన జుట్టులో ఆగిపోయింది.  

"లాగుతోంది ఇనాయ్."

"చిక్కు," అంది దివీనా.

*

వాళ్ళు వచ్చారు. ముందు కాల్చిన పంది వచ్చింది, దాని వెనక లియాండ్రో తల్లి డోన్యా క్లారిటా వచ్చింది, ఆమె వెనక చేతికర్ర ఊతంతో డాన్ సెవెరినో వచ్చాడు. గుండెకు కోత పడినప్పటి నుంచీ ఆయన మనీలాలోనే ఉంటున్నాడు. ఊళ్ళో అడుగుపెట్టి ఏడాదైంది. మనిషి సగమయ్యాడు. ఎపిఫానియో పాత అలవాటు కొద్దీ కారు తలుపు తియ్యడానికి పరుగెత్తాడు.

"తలుపులు తీసే రోజులు పోయాయిరా పాన్యోంగ్," అని ఆయన ఎపిఫానియోను పాత ముద్దుపేరుతో పిలిచి నవ్వాడు. "ఇవాళ నేను నీ తలుపు తట్టడానికి వచ్చాను."

దివీనాకు ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండింది. మండినా కాఫీ పోసింది.

"మావాడికి చిన్నప్పుడు గుర్రాలంటే పడేది కాదు," డోన్యా క్లారిటా విసనకర్ర ఆడిస్తూ మొదలుపెట్టింది. "లాయం దగ్గరికి పొమ్మంటే వాంతి చేసుకునేవాడు. ఇప్పుడేమో ఇంటికొస్తే పేడ వాసన. స్నానం చెయ్యరా అంటే, అది అత్తరమ్మా అంటాడు!"

అందరూ నవ్వారు. లియాండ్రో చెవులు ఎర్రబడ్డాయి. మయూమీ తలొంచుకుంది. ఆమె ముందే వచ్చి కుర్చీలో కూర్చుంది, మళ్ళీ లేవలేదు. అందరూ వెళ్ళేదాకా లేవకూడదని నిన్ననే తల్లీకూతుళ్ళు అనుకున్నారు.

పసుపు మాంసం బాగుందన్నారు. కొబ్బరిపాల అన్నం రెండోసారి వడ్డించుకున్నారు. జనవరిలో పెళ్ళి అనుకున్నారు, వానలు వెళ్ళిపోతాయి కనక. అంతా సాఫీగా సాగిపోతోంది. దివీనా మాత్రం ప్రతి ముద్దకూ డాన్ సెవెరినో నోటికేసి చూస్తోంది. ఈ నోరే కదా మాట దాచింది అని లోపల ఉడికిపోతోంది.

"నాన్నా, నీకోసం ఒకటి దాచి ఉంచాను," అన్నాడు లియాండ్రో ఉత్సాహం పట్టలేక. "ఆదివారం మన ఊరి పునీతుడు శాంతియాగో పండగ. రౌతులందరూ సరస్సు దగ్గరి చిన్న చర్చిదాకా దిగుతారు కదా. ఈసారి జెండా పట్టుకుని అందరికీ ముందు ఎవరో తెలుసా? మయూమీ! మన హాబగత్ మీద!"

మయూమీ ముఖం వెలిగిపోయింది.

ఎపిఫానియో చేతిలో గ్లాసు బల్లకు తగిలి ఒలికింది. "గుర్రానికి గాయమైంది బాబూ," అన్నాడు. "ఈసారికి..."

"చూసే వచ్చాను మావయ్యా! ఎంత చక్కగా నడుస్తోందో. అంత గాయంతో కుంటనే కుంటడం లేదు. దాని గుండె ఉక్కు!"

డాన్ సెవెరినో చెంచా కింద పెట్టాడు. ఆయన ముఖంలో రక్తం లేదు.

"ఎవరు ఎక్కుతున్నారన్నావు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు అనుకుంది దివీనా. అప్పటిదాకా పళ్ళ బిగువున ఆపుకున్నది ఇక ఆగలేదు.

"నా కూతురు సెన్యోర్! మీరిచ్చిన గుర్రం మీద నా కూతురే ఎక్కుతోంది! ఏడాది నుంచీ ఎక్కుతోంది! దాని కాలి నరం కోసినట్టు మీకు తెలుసు కదా? దానికి కాలు విరిగినా తెలియదని తెలుసు కదా? మా పిల్ల లోయలో పడి చచ్చాక చెబుదామనుకున్నారా? ఏం, గొప్పవాళ్ళ పిల్లలకే ప్రాణాలుంటాయా?"

"ఇనాయ్!" అంది మయూమీ.

డోన్యా క్లారిటా విసనకర్ర ఆగిపోయింది. లియాండ్రో నోరు తెరిచి తండ్రిని చూశాడు. డాన్ సెవెరినో చేతికర్ర మీద బరువు మోపి లేచి నిలబడ్డాడు. కోపం లేదు ఆయన ముఖంలో. భయం ఉంది. ఆయన చూపు దివీనా మీద లేదు, ఎపిఫానియో మీద ఉంది.

"పాన్యోంగ్. ఆవిడకు చెప్పలేదా నువ్వు?"

ఎపిఫానియో తల ఎత్తలేదు.

"కసాయివాడికి ఇవ్వడానికి మనసొప్పక నీకిచ్చాను. గడ్డి మేపుకో, ముసలిదై పోయేదాకా చూసుకో, దాని మీద మనిషిని మాత్రం ఎక్కించకు అని చెప్పాను. ఇదిగో, ఈ చేత్తో నీ చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నాను. ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు. తీసుకున్నానా, లేదా?"

 బల్ల మీద ఒలికిన నీళ్ళు అంచు దాకా వచ్చి చుక్కచుక్కగా నేల మీద పడుతున్నాయి.

"తీసుకున్నారు సెన్యోర్," అన్నాడు ఎపిఫానియో.

దివీనాకు భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. ఎవరిని నిలబెట్టి కడిగేసింది? ఎవరిని కడగాల్సింది? సిగ్గూ కోపమూ కలిసి కళ్ళల్లోకి పొడుచుకొచ్చాయి.

"కన్న కూతురి దగ్గరే ఇంత దాచినవాళ్ళు," అంది డోన్యా క్లారిటా నెమ్మదిగా, "రేపు మా దగ్గర ఏమేం దాస్తారో. లియాండ్రో, లే. బయల్దేరదాం."

లియాండ్రో లేవలేదు. మయూమీకేసి చూస్తున్నాడు. మయూమీ తండ్రికేసి చూస్తోంది.

"ఇటాయ్."

"తల్లీ..."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళిపోతావు," అన్నాడు ఎపిఫానియో.  "మొదటిరోజు ఊరికే కూర్చోబెట్టాను తల్లీ, ఒక్క నిమిషం, పెరట్లో. నువ్వు నవ్వావు. ఏడేళ్ళయింది నీ నవ్వు విని. రేపు చెబుదాం అనుకున్నాను. రోజూ రేపు చెబుదాం అనుకున్నాను. నిన్ను ఎక్కించి, నువ్వు తిరిగొచ్చేదాకా గేటు దగ్గరే నిలబడేవాణ్ణి. ఒక్కపూటైనా కదల్లేదు."

నిజమే. రోజూ పొద్దున గేటు పట్టుకుని దారికేసి చూస్తూ నిలబడేవాడు. కాఫీ చల్లారిపోతోంది రమ్మంటే వచ్చేవాడు కాదు. 'కూతురు గుర్రమెక్కితే తండ్రికి కొమ్ములొచ్చాయి, కడుపు నిండిపోతోంది,' అని దివీనా ఎన్నిసార్లు వేళాకోళం చేసిందో. కొమ్ములా అవి? రోజూ ఆ గేటు దగ్గర అతను ఎన్ని చావులు చచ్చాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది. తెలిసినా జాలి కలగలేదు. ఇంకా కోపం వచ్చింది.

మయూమీ కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

లేవకూడదనుకున్న సంగతి ఆమెకు గుర్తు లేదు, లేక అక్కర్లేకపోయింది. డోన్యా క్లారిటా ముందు నుంచి, లియాండ్రో ముందు నుంచి, భుజం పూర్తిగా ఒరిగిపోతుంటే, ఏమాత్రం దాచుకోకుండా కుంటుతూ నడిచి, పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

"మయూమీ!" లియాండ్రో లేచాడు.

అందరికంటే ముందు దివీనాయే పరుగెత్తింది. వెనక కర్ర చప్పుడు, కుర్చీలు పడ్డ చప్పుడు వినిపించాయి.

పెరట్లో హాబగత్ జామచెట్టు కింద నిలబడి ఉంది. కట్టు కట్టిన ఎడమకాలి మీద బరువంతా వేసి హాయిగా నిలబడింది. మయూమీ దాని పక్కకు చేరి, రెండు చేతులతో జూలు పట్టుకుంది. కుడికాలి మీద నిలబడి, ఎడమకాలిని మోకాలి దగ్గర వెనక్కి మడిచింది. రోజూ పొద్దున ఎలా నిలబడుతుందో అలాగే నిలబడింది.

"రా ఇటాయ్. ఎక్కించు."

"వద్దు తల్లీ. దండం పెడతా, వద్దు."

"రోజూ ఎక్కించావుగా. నిన్న కూడా ఎక్కించావు. నిన్నటికీ ఇవాళ్టికీ గుర్రం ఏమీ మారలేదు. నాకు తెలిసిపోయింది, అంతే. రా."

లియాండ్రో ముందుకు ఒక అడుగు వేశాడు. డాన్ సెవెరినో కర్ర అడ్డం పెట్టి ఆపాడు.

ఎపిఫానియో పెరటి మెట్లు దిగాడు.  అతను నడిచి వెళ్ళి కూతురి వెనక నిలబడ్డాడు. అలవాటు కొద్దీ వంగాడు. అలవాటు కొద్దీ రెండు చేతులూ ముందుకు చాచాడు. చేతులు ఆమె మోకాలి దాకా వెళ్ళి, దాన్ని తాకకుండా ఆగిపోయాయి. 

హాబగత్ చెవులు నిక్కించి, ఎక్కేవాళ్ళ కోసం కదలకుండా నిలబడింది.

మయూమీ కాలు దించలేదు.